ఇంట ఓడి రచ్చ గెలిచిన జట్టు



"ఇంట గెలిచి రచ్చ గెలువు" అని మన తెలుగులో సామెత. పొలిమేరకు ఇటుపక్కన ఉన్న మాకు ఇదే మాట కన్నడంలోనూ వినపడుతూ ఉంటుంది. "మనె గెద్దు మారు గెల్లు" అంటారు. రెండు భాషల పెద్దలూ ఒకే మాట చెప్పారంటే అందులో నిజం ఉండే ఉంటుందని నేనూ నమ్మాను. ఇరవై ఏళ్లుగా బడిపిల్లలకు అదే చెబుతూ వచ్చాను. రెండేళ్ల కిందట మా బడి ఖోఖో జట్టులోని ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నతో ఆ సామెతను మళ్లీ ఒకసారి విప్పి చూడవలసి వచ్చింది.

మాది కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న తాలూకా. మా బడి ఆడపిల్లలు ఖోఖో బాగా ఆడతారు. తాలూకా పోటీలు మా ఊళ్లోనే జరుగుతాయి. ఏటా గెలుస్తారు. జిల్లా కేంద్రానికి వెళ్లారంటే మాత్రం మొదటి ఆటలోనే ఓడిపోయి సాయంత్రం బస్సుకే తిరిగి వస్తారు. వరుసగా మూడేళ్లు ఇదే వరస. మూడో ఏడు తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఆ అమ్మాయి నన్ను అడిగింది: "మేడం, మనం ఇంట గెలిచాం కదా. మరి రచ్చ ఎందుకు గెలవలేకపోతున్నాం? కోర్టు కొలతలు అక్కడా అవే కదా?"

"పరాయి ఊరు కదమ్మా" అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

అప్పుడు నాకు మా అక్క కొడుకు చెప్పిన ఒక సంగతి గుర్తొచ్చింది. వాడు అమెరికాలో వాషింగ్టన్ నగరం పక్కన ఉద్యోగం చేస్తున్నాడు. 2019 అక్టోబరు ఆఖరు రోజున, నేను బడికి బయలుదేరుతుండగా ఫోన్ చేసి, "చిన్నమ్మా, మా ఊరి బేస్‌బాల్ జట్టు గెలిచింది. సొంత ఊళ్లో ఒక్క ఆటా గెలవకుండా, నాలుగుకు నాలుగూ పరాయి ఊళ్లోనే గెలిచి కప్పు కొట్టింది" అన్నాడు. అప్పట్లో "మంచిది నాయనా" అని ఊరుకున్నాను. ఈ పిల్ల ప్రశ్న తరువాత నేనే వాడికి ఫోన్ చేసి, ఆ కథ మొదటినుంచీ చెప్పమన్నాను. విన్నదీ, ఆపైన చదివి తెలుసుకున్నదీ ఈనాడు మీతో ముచ్చటిస్తాను.

ముందుగా ఆట ఏమిటో చూద్దాం. క్రికెట్ తెలిసినవారికి బేస్‌బాల్ అర్థం కావడం కష్టమేమీ కాదు. బంతి వేసేవాణ్ణి పిచర్ అంటారు. అతను 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి, నేలకు తగలకుండా నేరుగా బ్యాటర్ మీదికి విసురుతాడు. బ్యాటర్ వెనకాల మన వికెట్ కీపర్ లాగా క్యాచర్ కూర్చుని ఉంటాడు. ఏ రకం బంతి వేయాలో అప్పట్లో ఆ క్యాచర్ వేళ్లతో సైగ చేసి పిచర్‌కు చెప్పేవాడు. ఈ సైగ సంగతి గుర్తుంచుకోండి, ముందుకు పనికొస్తుంది. నాలుగు మూలలా నాలుగు బేస్‌లు, ఒక్కోదానికి మధ్య 90 అడుగులు. నాలుగూ చుట్టి వస్తే ఒక పరుగు. బంతిని మైదానం అవతలికి కొడితే హోమ్ రన్. అప్పటికి బేస్‌ల మీద ఎందరున్నారో అందరూ పరుగులు చేసేస్తారు. ముగ్గురు ఔటైతే వంతు మారుతుంది. అట్లా తొమ్మిది ఇన్నింగ్స్. పరుగులు తక్కువ. నాలుగో అయిదో చేస్తే ఆట గెలవవచ్చు.

అమెరికా, కెనడా దేశాల్లో కలిపి పెద్ద జట్లు 30. మార్చి చివరినుంచి సెప్టెంబరు ఆఖరుదాకా ఒక్కో జట్టు 162 ఆటలు ఆడుతుంది. అందులో 81 సొంత ఊళ్లో, 81 పరాయి ఊళ్లలో. మంచి ఫలితాలు సాధించిన కొన్ని జట్లు అక్టోబరులో మళ్లీ పోటీ పడతాయి. చిట్టచివరి పోటీని వరల్డ్ సిరీస్ అంటారు. అందులో ఏడు ఆటల్లో ముందుగా నాలుగు గెలిచినవారిది కప్పు. సీజన్లో ఎక్కువ గెలిచిన జట్టుకు గౌరవంగా ఏడింటిలో నాలుగు ఆటలు వారి ఊళ్లో పెడతారు. మొదటి రెండూ వారి ఊళ్లో, నడుమ మూడూ అవతలివారి ఊళ్లో, అవసరమైతే చివరి రెండూ మళ్లీ వారి ఊళ్లో.

సొంత ఊరును గౌరవంగా ఇవ్వడమెందుకు? అక్కడ ఆడటం ఒక లాభం కాబట్టి. ఆ లాభం ఎంత? ఏళ్ల తరబడి లెక్క తీస్తే బేస్‌బాల్‌లో సొంత ఊరి జట్టు నూటికి సుమారు 54 ఆటలు గెలుస్తూ వచ్చింది. ఇది నాకు మొదటి ఆశ్చర్యం. మనం అనుకున్నంత పెద్దది కాదు. వందలో 54 వారివి, 46 వచ్చినవారివి. కొండంత అనుకున్నది నాలుగడుగుల గట్టు అన్నమాట. కానీ గట్టు గట్టే. అది దేనితో కట్టిందో విడమరచి చూడాలి.

మొదటిది, మైదానం. లోపలి కొలతలు ఎక్కడైనా ఒకటే. బయటి ప్రహరీ మాత్రం ఏ ఊరిది ఆ ఊరిదే. బోస్టన్‌లో ఎడమవైపు గోడ 37 అడుగుల ఎత్తు. హ్యూస్టన్‌లో ఎడమవైపు గోడ ఎత్తు 19 అడుగులే, పైగా 315 అడుగుల దూరంలోనే ఉంటుంది. ఏడాదికి 81 సార్లు అక్కడ ఆడేవాడికి బంతి గోడకు తగిలి ఎటు ఎగురుతుందో నిద్రలో కూడా తెలుసు. వచ్చినవాడు నేర్చుకోవాలి.

రెండోది, చివరి వంతు. ప్రతి ఇన్నింగ్స్‌లో ముందు అతిథులు బ్యాటింగ్ చేస్తారు, తరువాత ఇంటివారు. ఎన్ని పరుగులు కావాలో తెలిసి ఆడటం ఇంటివారికి అనుకూలం.

మూడోది, ప్రయాణం, నిద్ర. అమెరికా తూర్పు తీరానికీ పడమటి తీరానికీ గడియారంలో మూడు గంటల తేడా. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 20 సీజన్లలోని 40 వేలకు పైగా ఆటలు పరిశీలించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. ఈ గడియారపు తేడా ఆటగాళ్లమీద నిజంగానే పనిచేస్తుందనీ, పడమటి నుంచి తూర్పుకు వచ్చేటప్పుడు మరీ ఎక్కువనీ తేల్చారు.

నాలుగోది, జనం. జనం అరుపులు అతిథుల చేతులు వణికిస్తాయని మనం అనుకుంటాం. 2011లో మాస్కోవిట్జ్, వర్థైమ్ అనే ఇద్దరు రచయితలు ఒక పుస్తకంలో వేరే మాట చెప్పారు. జనం ఒత్తిడి ఆటగాళ్లకన్నా అంపైర్లమీద ఎక్కువ పనిచేస్తుందన్నారు. ఇటో అటో తేల్చలేని బంతి వచ్చినప్పుడు, అంపైర్ తనకు తెలియకుండానే ఇంటివారివైపు కొద్దిగా మొగ్గుతాడట. అందరూ ఒప్పుకున్న మాట కాకపోయినా ఆలోచించదగిన మాట.

ఇక మన జట్టు కథ. దాని పేరు వాషింగ్టన్ నేషనల్స్. నిజానికి అది వాషింగ్టన్‌లో పుట్టిన జట్టు కాదు. 1969లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో, ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ వినిపించే ఊళ్లో పుట్టింది. అక్కడ ఆదరణ తగ్గి, 2005లో వాషింగ్టన్‌కు తరలివచ్చింది. అంటే ఆ జట్టుకు సొంత ఊరే ఒకసారి మారింది. పుట్టినప్పటినుంచి 50 ఏళ్లలో ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ ముఖం చూడలేదు. వాషింగ్టన్ నగరం మాటకొస్తే, 1924లో వేరొక జట్టు గెలిచాక ఆ ఊరికి కప్పు రానేలేదు.

2019లో కూడా రాదనే అందరూ అనుకున్నారు. మే 23 నాటికి 50 ఆటలు ఆడి, 19 గెలిచి, 31 ఓడింది. అంతకుముందు నాలుగు రోజులు న్యూయార్క్ వెళ్లి అక్కడి మెట్స్ జట్టు చేతిలో వరుసగా నాలుగూ ఓడింది. ఆటలో ముందుండి చివర్లో చేజార్చుకోవడం వారికి అలవాటైపోయింది. మొదటి పిచర్లు మంచివారే. వారు అలసిపోయాక వచ్చే పిచర్లు నిలవలేకపోయారు. నాయకుడు డేవ్ మార్టినెజ్‌ను తీసేయాలని పత్రికల్లో రాతలు మొదలయ్యాయి.

యాజమాన్యం ఆయనను తీసేయలేదు. ఆయన కూడా పిల్లలను దులిపినట్టు ఆటగాళ్లను దులపలేదు. ఆయన మాట ఒకటే. కప్పు సంగతి తలచుకోవద్దు, ఇవాళ్టి ఆట ఒక్కటి గెలుద్దాం అని. గాయపడ్డవారు తిరిగి వచ్చారు. మే నెలలోనే హెరార్డో పారా అనే ఆటగాడు చేరాడు. వేరే జట్టు వదిలేసినవాడు, వయసు మీరుతున్నవాడు. జూన్‌లో ఆయన తన వంతు వచ్చినప్పుడు మైకులో పసిపిల్లల "బేబీ షార్క్" పాట వేయమన్నాడు. ఆయన చిన్న కూతురికి ఇష్టమైన పాట అది. కొన్ని రోజుల్లో స్టేడియం మొత్తం చేతులు చప్పరిస్తూ ఆ పాట పాడసాగింది. పాటతో ఆటలు గెలుస్తారని కాదు. ఓడిపోతామన్న భయంతో బిగుసుకున్న జట్టు నవ్వడం నేర్చుకుంది, అంతే.

తరువాత ఆడిన 112 ఆటల్లో 74 గెలిచారు. సెప్టెంబరు 3న మెట్స్ మీద చివరి వంతులో ఆరు పరుగులు వెనకబడి ఉండి, ఏడు పరుగులు చేసి 11-10తో గెలిచారు. అదే నెలలో మార్టినెజ్‌కు గుండె నొప్పి వచ్చి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. కోలుకుని మళ్లీ జట్టులోకి వచ్చారు. సీజన్ చివరి ఎనిమిది ఆటలూ గెలిచి, మొత్తం 93 గెలుపులతో అక్టోబరు పోటీలకు అర్హత సంపాదించారు.

అక్టోబరు 1న తమ ఊళ్లో ఒకే ఒక్క ఆట. ఓడితే ఇంటికే. మిల్వాకీ జట్టు మీద 4-3తో బయటపడ్డారు. అక్కడినుంచి దారి పట్టారు. చదువరులకు లెక్కలు ఇష్టం, శ్రోతలకు కథ ఇష్టం అంటారు. కాబట్టి ముఖ్యమైనవే చెబుతాను. లాస్ ఏంజిలెస్ జట్టు ఆ ఏడు 106 గెలిచిన జట్టు. అయిదు ఆటల పోటీలో చివరిది వారి ఊళ్లోనే. వాషింగ్టన్ మూడు పరుగులు వెనకబడింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రెండన్, సోటో వెంటవెంటనే చెరొక హోమ్ రన్ కొట్టి సమం చేశారు. పదో ఇన్నింగ్స్‌లో, 36 ఏళ్ల హౌవీ కెండ్రిక్ మూడు బేస్‌లూ నిండి ఉండగా హోమ్ రన్ కొట్టాడు. ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు. తరువాత సెయింట్ లూయిస్ వెళ్లి అక్కడ రెండూ గెలిచి, ఇంటికొచ్చి మరో రెండూ గెలిచారు. గతుకుల దారులే చాలాసార్లు అందమైన చోట్లకు చేరుస్తాయని మార్టినెజ్ అన్నది అప్పుడే.

ఇక వరల్డ్ సిరీస్. ఎదుటి జట్టు హ్యూస్టన్ ఆస్ట్రోస్. ఆ ఏడు 107 గెలుపులు. సొంత ఊళ్లో 81 ఆడితే 60 గెలిచారు. ఇందాక నూటికి 54 అనుకున్నాం కదా, వీరిది నూటికి 74. వాషింగ్టన్ నుంచి దాదాపు 2,000 కిలోమీటర్లు. ఏడింటిలో నాలుగు ఆటలు అక్కడే.

అక్టోబరు 22, మొదటి ఆట. హ్యూస్టన్ పిచర్ గెరిట్ కోల్ మే నెల తరువాత ఒక్క ఓటమీ ఎరగనివాడు. అయినా వాషింగ్టన్ 5-4తో గెలిచింది. జట్టు వాషింగ్టన్‌కు వచ్చిన 2005 నుంచీ అందులోనే ఉన్న రయన్ జిమ్మర్‌మన్ ఆ రాత్రి హోమ్ రన్ కొట్టాడు. మరునాడు 12-3. రెండు గెలుపులతో ఊరికి తిరిగి వచ్చారు.

1933 తరువాత వాషింగ్టన్‌లో వరల్డ్ సిరీస్ ఆట జరగడం అదే మొదలు. ఊరంతా పండుగ. 86 ఏళ్ల ఎదురుచూపు. కానీ ఏం జరిగింది? 4-1తో ఓడారు. 8-1తో ఓడారు. 7-1తో ఓడారు. తమ జనం నడుమ, తమ మైదానంలో, మూడు ఆటల్లో కలిపి చేసినవి మూడంటే మూడే పరుగులు. అయిదో ఆటకు బంతి వేయాల్సిన మాక్స్ షెర్జర్‌కు మెడ పట్టేసింది. పొద్దున లేచి చొక్కా తొడుక్కోవడానికి కూడా భార్య సాయం కావలసి వచ్చింది. ఆ ఆట ఆడలేకపోయాడు.

ఇంట ఓడారు. ఇప్పుడు రచ్చకు వెళ్లాలి. రెండూ గెలిస్తేనే కప్పు. వారు విమానం ఎక్కేటప్పుడు మన సామెత వినిపించి ఉంటే ఎక్కకుండానే ఆగిపోయేవారేమో.

అక్కడ వారు ఏం చేశారన్నది మా అక్క కొడుకు చెప్పగా నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. గట్టును ఎక్కడెక్కడ తవ్వారో చూడండి.

ఒకటి, సైగలు. హ్యూస్టన్‌వారు తమ ఊళ్లో ఎదుటి క్యాచర్ సైగలను దొంగిలిస్తారని ఆటగాళ్లలో గుసగుసలుండేవి. 2020 జనవరిలో వెలువడిన విచారణ ఫలితాల్లో అది చాలావరకు నిజమని తేలింది. 2017లో వారు కెమెరాతో సైగలు చూసి, చెత్తడబ్బా మీద బాది తమ బ్యాటర్‌కు తెలియజేసేవారు. జట్టు నాయకుడినీ, జనరల్ మేనేజర్‌నూ ఏడాదిపాటు బహిష్కరించారు, యాజమాన్యం ఇద్దరినీ తీసేసింది, 50 లక్షల డాలర్ల జరిమానా పడింది. 2019లో అలా చేసినట్టు ఆ విచారణలో తేలలేదు. కానీ వాషింగ్టన్‌వారు తేలేదాకా ఆగలేదు. ఒక్కో పిచర్‌కు రకరకాల సైగల వరసలు తయారుచేసుకుని, మార్చి మార్చి వాడుకున్నారు. పరాయి ఊరు వెళ్తున్నామని ఏడవలేదు, ఆ ఊరి ఆనుపానులు తెలుసుకుని వెళ్లారు.

రెండు, నిబంధన. అప్పట్లో ఒక విచిత్రమైన పద్ధతి ఉండేది. హ్యూస్టన్‌లాంటి జట్ల మైదానాల్లో, బ్యాటింగ్ రాని పిచర్‌కు బదులు మరొకరు బ్యాటింగ్ చేయవచ్చు. వాషింగ్టన్‌లాంటి జట్ల మైదానాల్లో పిచరే చేయాలి. 2022 నుంచి అందరికీ ఒకే నిబంధన వచ్చింది గానీ, 2019లో అది ఊరును బట్టి మారేది. దీనివల్ల వాషింగ్టన్‌కు సొంత ఊళ్లోకన్నా హ్యూస్టన్‌లోనే ఒక మంచి బ్యాటర్ ఎక్కువ. చూశారా, పరాయి మైదానంలోనూ మనకు పనికొచ్చేది ఏదో ఒకటి ఉంటుంది. వెతుక్కోవాలి.

మూడు, తప్పు దిద్దుకోవడం. అక్టోబరు 29న ఆరో ఆటలో స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ పిచర్. మొదటి ఇన్నింగ్స్‌లోనే రెండు పరుగులు ఇచ్చాడు. పిచర్ల శిక్షకుడు పాల్ మెన్‌హార్ట్ ఒకటి కనిపెట్టాడు. స్ట్రాస్‌బర్గ్ చేతి తొడుగు పట్టుకునే తీరును బట్టి ఏ బంతి రాబోతుందో ఎదుటివారు పసిగడుతున్నారని. అప్పటినుంచి స్ట్రాస్‌బర్గ్ బంతి వేసే ముందు తొడుగును కావాలని కదిలించసాగాడు. ఆపైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒకరిని ఔట్ చేసేదాకా మరో పరుగు ఇవ్వలేదు. అంత పెద్ద ఆటలో, అంత పెద్ద ఆటగాడికి పనికొచ్చినది అంత చిన్న సవరణ.

నాలుగు, అంపైర్. అదే ఆట ఏడో ఇన్నింగ్స్‌లో ట్రే టర్నర్ మొదటి బేస్‌కు పరిగెడుతుంటే, అడ్డుపడ్డాడని ఔట్ ఇచ్చారు. చాలాసేపు వాదన నడిచింది. నాయకుడు మార్టినెజ్‌కు కోపం ఆగలేదు. వంతు మారే వేళ ఆయనను అంపైర్లు ఆటనుంచి పంపేశారు. కానీ ఈలోపే తరువాత వచ్చిన రెండన్ వాదన జోలికి పోకుండా హోమ్ రన్ కొట్టేశాడు. ఆ ఆట 7-2. తీర్పు మీద కోపం రావడం తప్పు కాదు. దాన్ని తరువాతి బంతిదాకా మోసుకెళ్తేనే నష్టం.

మరునాడు ఏడో ఆట. మెడ నొప్పికి సూది మందు వేయించుకుని షెర్జర్ వచ్చాడు. అయిదు ఇన్నింగ్స్ వేశాడు. బాగా వేశాడని చెప్పలేం. ఎప్పుడు చూసినా బేస్‌ల మీద ఎదుటివారే. కానీ రెండే పరుగులు ఇచ్చాడు. ఏడో ఇన్నింగ్స్ వచ్చేసరికి హ్యూస్టన్ 2-0తో ముందుంది. రెండన్ హోమ్ రన్ కొట్టి 2-1 చేశాడు. సోటో బేస్ మీదికి చేరాడు. హ్యూస్టన్ పిచర్‌ను మార్చింది. అప్పుడు వచ్చినవాడు కెండ్రిక్. నేను చెప్పిన ఆ అదనపు బ్యాటర్ స్థానంలో ఆడుతున్నది అతనే. కుడివైపు కొట్టిన బంతి తేలుతూ వెళ్లి సరిహద్దు స్తంభానికి ఖంగున తగిలింది. స్తంభానికి తగిలితే హోమ్ రన్. ఇంకొంచెం కుడిపక్కకు పోయి ఉంటే లెక్కలోకి రాదు. 3-2. చివరికి 6-2. వరల్డ్ సిరీస్ 1903లో మొదలైంది. ఏడు ఆటలకు ఏడూ అతిథి జట్టే గెలవడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు. వాషింగ్టన్ ఇంట చేసినవి మూడు పరుగులు, రచ్చలో చేసినవి ముప్పై.

ఇక్కడ ఉపాధ్యాయురాలిగా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఇందులో అదృష్టం లేదా? ఉంది. నూటికి 46 చొప్పున లెక్కవేస్తే, ఏడు ఆటలూ అతిథులే గెలవడం సుమారు 230 సార్లలో ఒక్కసారి జరిగే సంగతి. స్తంభం రెండు జానల అవతల ఉంటే ఈ ప్రసంగమే లేదు. పైగా మరుసటి ఏడు, కరోనా వల్ల 60 ఆటలకు కుదించిన సీజన్లో, ఇదే జట్టు 26 గెలిచి 34 ఓడింది. కాబట్టి వారు రచ్చ గెలిచే మంత్రం కనిపెట్టారని నేను అనడం లేదు. అదృష్టం తలుపు తట్టేదాకా ఆటలో నిలబడి ఉన్నారు, అంతే. ఓడితే ఇంటికే అన్న ఆటలు ఆ అక్టోబరులో వారికి అయిదు వచ్చాయి. అయిదింటిలోనూ ఏదో ఒక దశలో వెనకబడ్డారు. అయిదూ గెలిచారు.

ఇప్పుడు మా పిల్ల ప్రశ్నకు వద్దాం.

"పరాయి ఊరు" అన్న ఒక్క మాటను మేం నాలుగు ముక్కలు చేసి నల్లబల్ల మీద రాశాం. నేల ఎట్లాంటిది? ప్రయాణం ఎట్లాంటిది? చప్పుడు ఎట్లాంటిది? తీర్పు ఎట్లాంటిది? పిల్లలే జవాబులు చెప్పారు. మా ఊరి నేల ఇసుక, అక్కడిది గట్టి నేల, మలుపు తిరిగేటప్పుడు కాలు జారుతుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, బస్సులో నిలబడి వెళ్లి, దిగీ దిగగానే ఆడతాం. అక్కడి జనం కేకల్లో వెనకనుంచి "ఖో" అన్న మాట వినపడదు. తీర్పు నచ్చకపోతే ఆట ఆపి అంపైర్ ముఖం చూస్తూ నిలబడతాం, ఈలోగా ఎదుటి పిల్ల తప్పించుకుంటుంది. మూడేళ్లుగా నాకు తోచనిది వారికి పావుగంటలో తోచింది. ఎవరూ అడగలేదు, అంతే.

నేలకు మందు, బడి వెనక ఎండిన చెరువు గట్టు పక్క గట్టి నేల. నెల రోజులు అక్కడే సాధన. చప్పుడుకు మందు, ఏడో తరగతి పిల్లలు. పళ్లాలూ గరిటెలూ తెచ్చి కోర్టు చుట్టూ నిలబడి వాయించమంటే వారికంటే సంతోషించినవారు లేరు. "ఖో" వినపడకపోతే వీపు మీద చేయి పడిన బరువును బట్టి లేవడం మా పిల్లలు నేర్చుకున్నారు. ప్రయాణం మాత్రం చిక్కయింది. ముందురోజే వెళ్లి రాత్రి ఉండాలి. ఆడపిల్లలను రాత్రి పరాయి ఊళ్లో ఉంచడానికి తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. ఇల్లిల్లూ తిరిగాను. "మేడం, మీరు వాళ్ల పక్కనే పడుకుంటారా?" అని ఒక అవ్వ అడిగింది. "పడుకుంటాను అవ్వా" అన్నాను. ఇద్దరి ఇళ్లలో అప్పటికీ ఒప్పుకోలేదు. మిగతావారిని తీసుకుని వెళ్లాను. ఒక బడిలో చాపలు పరుచుకుని పడుకున్నాం. పొద్దున్నే పిల్లలు చెప్పుల్లేకుండా కోర్టంతా నడిచి చూసుకున్నారు.

మొదటి ఆట గెలిచారు. రెండోది ఓడారు. కథ అంతే, కప్పు రాలేదు. కానీ ఆ రోజు తిరుగు బస్సులో "పరాయి ఊరు" అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఎదుటివారి చివరి అమ్మాయి ఎటు తిరిగి తప్పించుకుందో, దానికి ఏం చేయాలో, దారి పొడుగునా అదే మాట. ఓటమికి ఊరి పేరు పెట్టడం మానేసి, దాని అసలు పేరు పెట్టడం నేర్చుకున్నారు.

సరిహద్దున ఉండే మనకు ఇది ఆటల సంగతి మాత్రమే కాదు. మన పిల్లలు పై చదువులకు, పరీక్షలకు, ఉద్యోగాలకు ఎటు కదిలినా అది ఎవరో ఒకరి ఊరే అవుతుంది, వేరే భాష మైదానమే అవుతుంది. ఇంట గెలిచేదాకా బయటికి పోవద్దని సామెతను పట్టుకుని కూర్చుంటే, ఇంట్లో కాస్త వెనకబడ్డ పిల్లలు ఎప్పటికీ గడప దాటరు. ఇంట ఓడినా రచ్చకు పోవచ్చు. పోయేముందు ఆ నేల మీద ఒకసారి చెప్పుల్లేకుండా నడిచి చూసుకోవాలి.

ఆ అమ్మాయి ఇప్పుడు మా జట్టు నాయకురాలు. ఈసారి జిల్లా పోటీలకు కిందటిసారి రాలేకపోయిన ఆ ఇద్దరు పిల్లలూ వస్తున్నారు. వారి ఇళ్లకు వెళ్లి పెద్దవారితో మాట్లాడి వచ్చింది నేను కాదు, ఆ పిల్లే.